ఓడ సలూన్లో బుధవారం బోణీ

పొద్దున ఏడున్నరకు నేను మా పూజా సామాన్ల దుకాణం షటర్ ఎత్తి, దేవుని పటాల ముందు దీపం పెట్టి, గంట కొట్టేసరికి గంగాదాస్ అన్న మెట్ల దగ్గర నిలబడి ఉంటాడు. చెప్పులు విడిచి పైకి వస్తాడు. దేవునికి దండం పెట్టుకుని రెండు చేతులూ నా ముందు చాపుతాడు. మొదట అరచేతులు, తర్వాత తిప్పి గోళ్లు.

“జర చూడు చెల్లె.”

నేను చూస్తాను. గోళ్లు పెరిగాయా, వేళ్ల సందుల్లో కోత గానీ పుండు గానీ ఉందా, తెల్లకోటు కాలరు మాసిందా, తన గడ్డం తాను నున్నగా గీసుకున్నాడా. “మంచిగున్నయి అన్నా” అంటేనే పోయి పక్కనున్న తన షటర్ ఎత్తుతాడు. ఆర్మూర్ పాత బస్టాండు నుంచి మార్కెట్ యార్డుకు పోయే తొవ్వలో మా రెండు దుకాణాలకు నడుమ ఒక్క రేకు గోడే అడ్డం. పదిహేనేళ్లుగా నా మొదటి బేరం కంటే ముందు ఆయన చేతులే నేను చూసేది.

ఒకసారి నా దగ్గరే కొన్న కొబ్బరికాయ కొడుతుంటే ఆయన బొటనవేలు తెగింది. మరునాడు చేతులు చాపితే, చిన్న గీతే కదా అని నేను “ఏం కాదు అన్నా” అన్నాను. ఆయన నా ముఖం వంక చూశాడు.

“ఏం కాదంటవా చెల్లె? గా సందుల నుంచే పోతది ఇంకొకని రోగం నాకు, నా రోగం ఇంకొకనికి. నువ్వు ఖరాగ చెప్పాలె. నువ్వు నా డాక్టరమ్మవు.”

మూడు రోజులు షటర్ సగమే ఎత్తి, స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ వేలు చూపించి వెనక్కి పంపాడు. నేను నందిపేట దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా చదివిన మనిషిని. నన్ను డాక్టరమ్మ అన్నది ఆయనొక్కడే. ఆ రోజు నుంచి మాత్రం ఆయన చేతులు చూసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకునేదాన్ని.

ఈ పద్ధతి ఆయనకు ఓడలో అబ్బింది. వయసులో ఉండగా బొంబాయిలో మేనమామ దగ్గర పని నేర్చుకుని, అక్కడి నుంచి మనుషులు ప్రయాణం చేసే పెద్ద ఓడలో క్షవరం పనికి కుదిరి, తొమ్మిదేళ్లు సముద్రం మీద ఉన్నాడు. అక్కడ రోజూ పొద్దున డాక్టరు మనిషి ఒకడు వచ్చి, క్షురకులందరినీ వరుసగా నిలబెట్టి చేతులు చూసేవాడట. గోటి కింద మట్టి ఉంటే ఆ రోజు కుర్చీ లేదు. నోరు వాసన వస్తే లేదు. జలుబు చేస్తే లేదు. ఒక తల అయిపోగానే వెంట్రుకలు ఊడ్చి మూత డబ్బాలో వేయాలి, దువ్వెనలు, కత్తెరలు మందునీళ్లలో ముంచాలి, కుర్చీ తుడవాలి, మనిషికొక ఉతికిన గుడ్డ పరచాలి. ఓడ ఊగుతుంది కాబట్టి కుర్చీలు నేలకు బిగించి ఉండేవి, సొరుగులకు కొక్కేలు ఉండేవి.

ఆర్మూర్ వచ్చి పెట్టుకున్న దుకాణంలోనూ ఆయన రెండు కుర్చీలూ నేలకు బిగించాడు. సొరుగులకు కొక్కేలు పెట్టాడు. యార్డులో కమీషన్ పని చేసే ప్రేమ్‌చంద్ మొదటిసారి వచ్చినప్పుడు నవ్వాడు.

“ఏంది గంగన్నా, ఆర్మూర్ గిట్ల ఊగుతదా?”

“ఆర్మూర్ ఊగది. నువ్వే ఊగుతవు, నోరు మూసుకోక. సక్కగ కూసో.”

“నేను కటింగ్‌కు వచ్చిన్నా, ఆపరేషన్‌కు వచ్చిన్నా? గా మందునీళ్లు, గా తెల్లకోటు!”

అట్లా దానికి ఓడ సలూన్ అని పేరు పడింది. గడ్డం గీస్తున్నప్పుడు ఎవరైనా దగ్గినా నవ్వినా ఆయన కత్తి గాలిలోకి లేచేది. “ఓడ ఊగితే కత్తి ఎత్తాలె” అనేవాడు. రేకు గోడ ఇవతల నుంచి ఆ మాట నేను రోజుకు పదిసార్లు వినేదాన్ని.

మా దిక్కు మంగళవారం ఎవరూ కత్తి పట్టరు. కాబట్టి బుధవారం పొద్దున గిరాకీ ఎక్కువ. కానీ బుధవారం బోణీ మాత్రం హమాలీ రాజన్నదే. ఇద్దరిదీ ఆలూర్. నాలుగో తరగతి దాకా ఒకే బెంచీ. ఒకడు సముద్రం మీదికి పోయాడు, ఒకడు పసుపు బస్తాల కిందికి పోయాడు. ఓడ దిగి వచ్చినాక గంగాదాస్ అన్న దుకాణం తెరిచిన రోజున ఆ కుర్చీలో మొదట కూర్చున్నది రాజన్నే. “పసుపు చేతులతోని బోణీ అయితే లక్ష్మీదేవే వచ్చినట్టు” అని అప్పుడన్న మాట తర్వాత ఆనవాయితీ అయింది. యార్డులో పసుపు దుమ్ము రాజన్న చర్మంలోకి ఇంకిపోయి ఉండేది. ఎంత కడుక్కున్నా వేళ్లు పచ్చగానే. ఆ వేళ్లతో గుడ్డ అంచు పట్టుకుని కూర్చునేవాడు. లేచేసరికి తెల్లగుడ్డ మీద నాలుగు వేళ్లు పచ్చగా అచ్చు పడేవి.

“వారానికో గుడ్డ ఖరాబ్ చేస్తవు కదరా!”

“నా నిశానీ ఉండనియ్యిరా. నేను పోయినంక ఏడుద్దువు.”

“ఏడుస్త ఏడుస్త. ముందుగాల చెయ్యి తియ్యి.”

పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది. ఒక పూట మంచి ఎండలో ఆరేస్తే దానంతటదే పోతుంది. ఇది మా దిక్కు చిన్నపిల్లలకూ తెలుసు. బుధవారం మధ్యాహ్నం మా దుకాణాల వెనక వాకిట్లో తీగ మీద ఆ గుడ్డ ఎండుతూ ఉండేది. గాలికి కిందపడితే నేను తీసి దులిపి మళ్లీ వేసేదాన్ని. సాయంత్రానికి మల్లెపువ్వులా ఉండేది.

పోయిన శివరాత్రి ముందు బుధవారం సంగతి చెప్పాలి. పసుపు సీజన్ కాబట్టి యార్డులో బండ్లు బారులు తీరి ఉన్నాయి. రాజన్న రావడం ఆలస్యమైంది. సలూన్లో నలుగురు కూర్చుని గొణుగుతున్నారు. ప్రేమ్‌చంద్ వాళ్లలో ఒకడు. రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నా గంగాదాస్ అన్న ఎవరినీ కూర్చోనివ్వలేదు. “బోణీ వస్తున్నది, జర ఆగుండ్రి” అంటున్నాడు. చివరికి రాజన్న వచ్చాడు. నా దుకాణం ముందు ఆగి, పటాలకు దండం పెట్టుకుని, లోపలికి పోయాడు. నేను అగరుబత్తుల కట్టలు సర్దుకుంటున్నాను. గోడ అవతల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“మొఖం ఇటు తిప్పు. గిదేంది?”

“ఏం లేదురా. పన్ను నొప్పి. దవుడ వాసింది.”

“పన్ను నొప్పి కాదు. తడి ఉన్నది ఈడ.”

“బస్తా రాసుకున్నది కావచ్చు. జర పక్కపొంటి గియ్యి.”

తర్వాత గంగాదాస్ అన్న గొంతు వినిపించింది. నేను ఎప్పుడూ వినని గొంతు అది.

“లే రాజన్నా.”

“ఏంది?”

“లే. నీకు గడ్డం చెయ్య. దవాఖానకు పో.”

“మజాక్ చేస్తున్నవా? బోణీ...”

“బోణీ లేదు ఏం లేదు. బోర్డు సదువుకో.”

ఆ బోర్డు ఓడ నియమాల్లోదే. నీలిరంగుతో ఆయనే రాసుకున్నాడు. ‘పుండ్లు, గజ్జి, తామర ఉన్నవారికి ఇక్కడ గడ్డం చేయబడదు.’ ఓడలో ఆయన గదిలోనే ఉండే ఇంకొక క్షురకుడు ఒకసారి పుండు ఉన్న మనిషికి, పోనీలే అని గడ్డం చేశాడట. వారంలో పదకొండు మందికి అంటుకుంది. ఆ క్షురకుణ్ని తర్వాతి రేవులో సామానుతో సహా దించేశారు. ఆ మనిషి రేవు మీద పెట్టె పక్కన నిలబడి ఓడ వంక చూడడం గంగాదాస్ అన్న మరిచిపోలేదు. ఆ భయం ఆయన ఒంట్లోనే ఉంది.

ప్రేమ్‌చంద్ గొంతు లేచింది. “ఏం రోగం తెచ్చుకున్నవే రాజన్నా? జర దూరం జరుగు, మాకంటిస్తవ్!” ఇద్దరు నవ్వారు.

నేను బయటికి వచ్చి చూశాను. రాజన్న కుర్చీ దిగాడు. మెడకు చుట్టిన గుడ్డ తానే విప్పుకుని, పెళ్లిలో పెట్టిన బట్టను మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి కుర్చీ చేతి మీద ఉంచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మెట్లు దిగి పోయాడు. గంగాదాస్ అన్న అప్పటికే కుర్చీ మీద మందునీళ్లు పోసి తుడుస్తున్నాడు.

నెల తిరిగేసరికి రాజన్నకు గడ్డం పెరిగింది. నేను అడిగితే, “వేములవాడ రాజన్నకు మొక్కిన చెల్లె. నా పేరు దేవునికే నేను మొక్కకుంటే ఎట్ల?” అన్నాడు. నాకెంత సంతోషమైందో! కర్పూరం పొట్లం చేతిలో పెట్టి, “స్వామి సల్లగ చూస్తడు అన్నా, మొక్కు తీరేదాక గీకకు” అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా పిలిచి ఒక పొట్లం ఇచ్చేదాన్ని. మొక్కుగడ్డం పెంచుకున్న మనిషిని ఎవరూ ఎందుకని అడగరు. ఆ గడ్డం కింద ఏముందో చూడరు.

యార్డులో హమాలీలు రాజన్న నీళ్లు తాగే గ్లాసు వేరు పెట్టారని నాకు అప్పుడు తెలియదు. ప్రేమ్‌చంద్ మాట ఆయన కంటే ముందే యార్డు చేరింది. దవాఖానకు పోతే ‘నిజంగనే రోగం’ అంటారని ఆయన పోలేదు. ఆయన ఇప్పుడు మా వైపు కాక, రోడ్డు అవతలి వైపు నుంచే నడిచిపోయేవాడు.

గంగాదాస్ అన్న ప్రతి బుధవారం ఎనిమిదిన్నర దాకా ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవాడు. గడియారం వంక చూసి, గుడ్డ దులిపి, అప్పుడు ఇంకొకరిని పిలిచేవాడు.

“అలిగిండు చెల్లె” అనేవాడు నాతో. “నేను గట్ల అన్నందుకు దవాఖానకైతే పోయే ఉంటడు. మొక్కు తీరంగనే వస్తడు. గుండు వేములవాడల చేపిచ్చుకున్నా, గడ్డం నా దగ్గరనే కద.”

“నువ్వే పోయి పలకరియ్యరాదే అన్నా?”

“పోవాలె. సీజన్ కానీ.”

సీజన్ అయిపోయింది. వానలు వచ్చాయి. బతుకమ్మ అయింది. దీపావళి అయింది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం రాజన్న భార్య సత్తవ్వ నా దుకాణం మెట్లెక్కింది. ఎప్పుడూ పక్కింటి మాటలు కూడా మోసుకొచ్చే మనిషి, ఆ రోజు కొంగుతో నోరు మూసుకుని నిలబడింది. నేను అలవాటుగా కర్పూరం డబ్బా తీశాను.

“కర్పూరం వద్దు వాణీ” అంది. “గా పక్కాయినకు ఒక మాట చెప్పు. నాకు ఆ దుకాణం ఎక్క మనసొస్తలేదు.”

అప్పుడు చెప్పింది. దవుడకు లోపల తంబాకు పెట్టుకునే చోట లేచిన పుండు బయటికి తొలుచుకుని వచ్చిందట. వాసన పట్టి ఆమె గడ్డం పక్కకు తీసి చూసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. కొడుకు ముఖేష్ నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఆరు నెలల ముందు రావాల్సింది, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

“నిన్నటి సంది ఒక్కటే అడుగుతుండు” అంది సత్తవ్వ. “‘దాసుగాడు వస్తడా’ అని.”

నేను పోయి చెప్పేటప్పుడు గంగాదాస్ అన్న ఒకరికి గడ్డం గీస్తున్నాడు. కత్తి లేచింది. చాలాసేపు అట్లాగే గాలిలో ఉంది. తర్వాత ఆ మనిషి గడ్డం పూర్తిచేశాడు, ముఖం తుడిచాడు, పంపాడు. కత్తెర, దువ్వెన స్టవ్ మీద మరిగించాడు. ఉతికిన కోటు తొడుక్కున్నాడు. గోళ్లు మళ్లీ కత్తిరించుకుని, బయటికి వచ్చి నా ముందు చేతులు చాపాడు. పొద్దున ఒకసారి చూసినవే. నేను మళ్లీ చూశాను.

“మంచిగున్నయి అన్నా” అన్నాను.

సత్తవ్వ, ఆయన, నేను ఆటోలో ఆలూర్ పోయాం.

రాజన్న నవారు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎంత బరువైనా ఎత్తిన భుజాలు, అంగీ కొక్కేనికి వేలాడేసినట్టు ఉన్నాయి. కుడి దవుడ మీద గడ్డంలో సత్తవ్వ పసుపు ముద్ద మెత్తింది. మాట ఒక పక్క నుంచే వస్తోంది.

“వచ్చినవా” అన్నాడు. “బోర్డు తెచ్చుకున్నవా ఎంట?”

“ఊకో” అంది సత్తవ్వ.

గంగాదాస్ అన్న సంచీ కింద పెట్టాడు. చెంబుతో నీళ్లు పోయించుకుని మోచేతుల దాకా కడుక్కున్నాడు. సంచీలో నుంచి తెల్లగుడ్డ తీసి దులిపి రాజన్న మెడకు చుట్టాడు. ముడి వేస్తూ వేస్తూ ఆగిపోయాడు.

“నేను బోర్డు మీద సగమే రాసిన్రా” అన్నాడు. “ఓడల నియమం గంతే కాదు. పుండు కనవడితే గడ్డం చెయ్యొద్దు. నిజమే. కని గా మనిషిని ఒక్కన్ని పంపొద్దు. పని ఆపి, మనమే చెయ్యి పట్టుకొని డాక్టరు తానికి తీస్కపోవాలె. పేరు మనమే రాపియ్యాలె. డాక్టరు చూసేదాక బయట కూసోవాలె. తొమ్మిదేండ్లల నేను ఎందరినో తీస్కపోయిన. తెల్వనోళ్లను, నా భాష రానోళ్లను తీస్కపోయిన.”

రాజన్న కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత తెరిచాడు.

“మరి నన్నొక్కన్నే ఎందుకు పంపినవురా?”

“నలుగురు కూసున్నరు... దుకాణం ఇడిచి...” గంగాదాస్ అన్న ఆగిన ముడి వేశాడు.

“నువ్వు లెవ్వుమన్నందుకు నాకు బాధ కాలే” అన్నాడు రాజన్న. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. “నా ఎంట నువ్వు సుత లేస్తవనుకున్న. గల్మ దాక పోయి సూసిన. నువ్వు కుర్సీ కడుగుతున్నవ్.”

ఆ గుమ్మం దగ్గర ఆయన ఆగిన క్షణం నేను చూశాను. ఎందుకు ఆగాడో ఆ రోజు తెలిసింది.

గంగాదాస్ అన్న నురగ కలిపాడు. ఎడమ చెంప మీద నురగ రాసి, చిటికెనవేలు గడ్డం కింద ఆనించి కత్తి పెట్టాడు. ఒక గీత గీసి కత్తి ఎత్తాడు. ఇంకొక గీత గీసి మళ్లీ ఎత్తాడు.

“ఎందుకు ఆపుతున్నవ్?”

“ఓడ ఊగుతున్నదిరా.”

రాజన్న ఆ ఒక్క పక్కనే నవ్వాడు. “ఆలూర్ల సముద్రమా! సదువుకున్నప్పుడు సార్ చెప్పలే మనకు.”

ఇద్దరూ నవ్వారు. సత్తవ్వ కూడా కొంగులో నవ్వి, వెంటనే లోపలికి పోయింది.

ఎడమ చెంప నున్నగా వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత ఆ చెంప చూస్తే, ఎముక మీద సన్నని బట్ట కప్పినట్టు ఉంది. కుడివైపు పుండు అంచున కత్తెర పెట్టగానే రాజన్న ఒళ్లంతా బిగిసింది. చెయ్యి దవుడ మీదికి పోయింది, పసుపు ముద్ద అంటుకుంది, అదే చెయ్యి గుడ్డ అంచును పట్టుకుంది.

“చాలురా. తక్కింది బుధారం చెయ్యి. జర నొప్పి తగ్గనీ.”

“బుధారం పొద్దుగాల్నే వస్త.”

“బోణీ నాదే. ఎవన్ని కూసోవెట్టకు.”

“కుర్సీ నీదేరా. ఇన్నొద్దులు ఎవనికిచ్చిన?”

ఆ గుడ్డను ఆయన మామూలుగా దులపలేదు. మెల్లగా విప్పి, మడిచి, సంచీలో పెట్టుకున్నాడు.

రాజన్న మంగళవారం తెల్లారేసరికి పోయాడు.

మేము పోయేటప్పటికి వాకిట్లో మనుషులు నిండారు. స్నానం కోసం నీళ్లు కాగుతున్నాయి. రాజన్న ముఖం ఒక పక్క నున్నగా, ఒక పక్క గడ్డంతో ఉంది. వచ్చినవాళ్లు ఆ ముఖం చూసి కళ్లు దించుకుంటున్నారు. గంగాదాస్ అన్న సత్తవ్వ దగ్గర కూర్చుని, “వదినా, తక్కింది చెయ్యనియ్యి” అని అడిగాడు. ఆమె తల ఊపింది.

కుల పెద్దల్లో తుకారాం అనే ముసలాయన అడ్డం వచ్చాడు. “మంగళారం కత్తి పడ్తవా గంగాదాసూ? తెలిసినోనివి.”

“ఓడల మంగళారం లేదు బాపూ. నీళ్ల మీద అన్ని దినాలు ఒక్కటే” అన్నాడు. కొంచెం ఆగి, “రేపు బోణీ ఆయనదే. ఒక దినం ముందుగాల అయితున్నది” అన్నాడు. తుకారాం పక్కకు జరిగి, ఎండ పడకుండా తన తువ్వాలు అడ్డం పట్టాడు. ఆ ముసలి చేతులు పని అయ్యేదాకా దిగలేదు.

ఇప్పుడు రాజన్నకు నొప్పి లేదు. అయినా గంగాదాస్ అన్న పుండు అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా, “అయిపోయింది, అయిపోయింది, ఒక్క నిమిషం” అంటూనే ఉన్నాడు. కత్తి ఎత్తుతూ, ఆగుతూ చేశాడు. గీసిన చోట తడిగుడ్డతో అద్దాడు. మీసం కత్తిరించాడు. తల దువ్వాడు. పాపిట తీశాడు. పని అయిపోగానే అలవాటు కొద్దీ సంచీలో నుంచి చేతి అద్దం తీసి రాజన్న ముఖం ముందు పట్టాడు, చూసుకో అన్నట్టు.

ఆయన ఆ అద్దాన్ని అట్లాగే పట్టుకుని ఉన్నాడు. ముఖేష్ వచ్చి, “కాకా” అని మెల్లగా చెయ్యి పట్టి దించేదాకా దించలేదు.

కర్మ అయినాక పద్నాలుగో నాడు షటర్ తెరిచాడు. నీలిరంగు డబ్బా తెచ్చుకుని, బోర్డు మీద ఉన్న వాక్యం కింద ఇంకొక వాక్యం రాశాడు. అక్షరాలు కిందికి దిగిపోయాయి. ‘అట్టివారిని నేనే దవాఖానకు తీసుకపోతాను.’

రాసిన మూడో వారమే, పసుపు పాలిష్ పట్టే మిల్లులో పనిచేసే ఒక మనిషి మెడ మీద పుండుతో వచ్చాడు. అప్పుడు కుర్చీలో ఉన్నది ప్రేమ్‌చంద్. సగం గడ్డం అయింది, సగం నురగతో ఉంది. గంగాదాస్ అన్న కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఆ మనిషి రెక్క పట్టుకుని బయటికి నడిచాడు.

“గంగన్నా! సగం గడ్డంతోని నేను ఏడికి పోవాలె?”

“కూసో. వస్త.”

రెండు గంటలకు వచ్చాడు. వట్టి గజ్జి, మలాం ఇచ్చారట. ప్రేమ్‌చంద్ నురగ ఎండిపోయిన ముఖంతో అట్లాగే కూర్చుని ఉన్నాడు. ఆ బోర్డు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు పోతూ పోతూ నా దగ్గర ఒక దీపం నూనె సీసా కొని, “గా రాజన్న ఇంట్ల దీపం పెట్టుమని సత్తవ్వకు పంపు, నా పేరు చెప్పకు” అన్నాడు. పంపాను.

ఇక నా సంగతి.

మాఘమాసంలో ఒక బుధవారం మధ్యాహ్నం వెనక వాకిలి ఊడుస్తుంటే, నీటి తొట్టి పక్కన రేకు నీడలో ఒక తాడుకు తెల్లగుడ్డ ఒకటి వేలాడుతూ కనిపించింది. తీగ మీద మిగతా గుడ్డలన్నీ ఎండలో ఉన్నాయి. ఇదొక్కటే నీడలో, సందులో ఉంది. అంచున పచ్చటి మరక. పాపం, వయసు మీద పడింది, కళ్లు ఆనక ఇక్కడ వేసి మరిచిపోయాడు అనుకున్నాను. మరక ఉన్న గుడ్డ దుకాణంలో ఉంచడం ఆయనకు పడదని నాకంటే ఎవరికి తెలుసు? తీసి తడిపి, మరక పైకి వచ్చేటట్టు తీగ మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా రెండు క్లిప్పులు కూడా పెట్టాను. మాఘం ఎండ చురుక్కున ఉంది. సాయంత్రానికి గుడ్డ పాలలా తెల్లబడింది. తృప్తిగా మడిచి, ఆయన షటర్ దించే వేళకు చేతికి ఇచ్చాను.

“నీడల మర్సిపోయినవు అన్నా. ఎండలేసిన, మరక పోయింది.”

ఆయన గుడ్డ విప్పాడు. అంచు వెతికాడు. ఒక మూల చూసి, ఇంకొక మూల చూశాడు. తర్వాత నాలుగు వేళ్లు ఆ అంచు మీద ఒక చోట పెట్టాడు. సరిగ్గా ఒక మనిషి పట్టుకుంటే వేళ్లు ఎక్కడ పడతాయో అక్కడ.

అప్పుడు నాకు తెలిసింది.

“అన్నా, అది...” అన్నాను.

“మంచిగ తెల్లగైంది చెల్లె” అన్నాడు. “మరక ఉంచొద్దు. నియమం.”

గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని, షటర్ దించి, తాళం వేసి, తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, యార్డు వైపు నడిచిపోయాడు.

ఆ రాత్రి దేవుని ముందు ఏం అడగాలో నాకు తెలియలేదు. దీపం మాత్రం పెట్టాను.

మరునాడు ఏడున్నరకు గంట కొట్టి వెనక్కి తిరిగితే, ఆయన మెట్ల మీద ఉన్నాడు. ఎప్పటిలాగే చెప్పులు విడిచి వచ్చి, దండం పెట్టుకుని, రెండు చేతులూ చాపాడు.

“జర చూడు చెల్లె.”

నేను కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నాను. మళ్లీ తీశాను. ఆయన తొందర పెట్టలేదు. చేతులు అట్లాగే చాపి, నాకు కనబడేదాకా నిలబడ్డాడు.